నెల్లూరు తీరపు రహదారి: భద్రతకు, ఖర్చుకు నడుమ తూకము

చెన్నై నగరమును కోల్‌కతాతో కలుపు జాతీయ రహదారి తడ వద్ద ఆంధ్రదేశమున ప్రవేశించి, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు, కావలి ప్రాంతముల మీదుగా ఉత్తరమునకు సాగును. నేడు దీని సంఖ్య 16. 2010కి పూర్వము దీనిని 5వ నంబరు జాతీయ రహదారి యనెడివారు. అంతకు చాల ముందు, ఇంగ్లీషువారి కాలమున, దీనికి గ్రేట్ నార్దరన్ ట్రంకు రోడ్డు అని పేరు. ఎద్దుబండ్ల కాలము నుండి కంటైనరు లారీల కాలము వరకు ఈ బాట పెక్కుసార్లు బాగుచేయబడినది. బాగుచేయవలసివచ్చిన ప్రతిసారియు ఇంజనీర్లు ఒక ప్రశ్నకు జవాబు వెదుకవలసివచ్చినది: ఉన్న ధనముతో ఎంత భద్రతను సాధింపవచ్చును?

కొత్తరోడ్డు వేయుట ఒక యెత్తు, పాతరోడ్డును బాగుచేయుట మరొక యెత్తు. కొత్తరోడ్డునకు దారి ఎంచుకొను స్వేచ్ఛ కొంత ఉండును. పాతరోడ్డునకు వంపులు ముందే ఉండును. ఇరుకు వంతెనలు ఉండును. రెండుప్రక్కల చెట్లు, ఇండ్లు, దుకాణములు వెలసియుండును. అన్నిటిని సరిచేయబోయినచో ఉన్న ధనము పది మైళ్లతోనే అయిపోవును. పైపొర మాత్రము వేసినచో ఏబది మైళ్లు నునుపగును గాని ప్రమాదకరమైన వంపు ఎక్కడిదక్కడనే ఉండును. ఈ రెంటి నడుమ తూకము ఎట్లు కుదిరినదో నెల్లూరు తీరపు రహదారి చరిత్ర చక్కగా చూపును.

నేల, నీరు

ముందు ఈ ప్రాంతపు నైసర్గిక స్థితిని గమనింపవలెను. పడమట వెలిగొండలు, తూర్పున బంగాళాఖాతము. కాళంగి, స్వర్ణముఖి, కండలేరు, పెన్న మొదలగు ఏరులు పడమటి నుండి తూర్పునకు పారును. రహదారి దక్షిణము నుండి ఉత్తరమునకు పోవును. కావున రోడ్డు ప్రతి ఏటిని అడ్డముగా దాటవలసినదే. ఏరులే కాక, వందలకొలది చెరువుల కలుజుల నుండి పొరలివచ్చు వాగులు కూడ రోడ్డు క్రిందుగానో, రోడ్డు మీదుగానో సముద్రము చేరవలసియున్నది.

ఈ జిల్లాలో సంవత్సరపు వర్షములో సగముకంటె హెచ్చు ఈశాన్య ఋతుపవన కాలమున, అనగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు గల మూడు నెలలలో, కురియును. తుపానులు వచ్చునదియు ఆ నెలలలోనే. 1984 నవంబరులో శ్రీహరికోట వద్దను, 1989 నవంబరులో కావలి వద్దను తీవ్రమైన తుపానులు తీరము దాటినవి. తక్కిన తొమ్మిది నెలలు చాల ఏరులలో ఇసుకయే కనిపించును. ఏడాదిలో కొద్దిదినములు మాత్రమే వచ్చు వరద కొరకు పెద్ద వంతెన కట్టవలెనా, లేక ఆ కొద్దిదినములు ప్రయాణము ఆపుకొనవలెనా? ఇది ఈ ప్రాంతమున తలయెత్తిన మొదటి లెక్క.

చప్టాల కాలము

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుండి బయలుదేరి కాశికి పోయి 1831లో తిరిగివచ్చెను. తిరుగు ప్రయాణమున ఆయన తూర్పుతీరపు బాట పట్టి నెల్లూరు మీదుగా మద్రాసు చేరెను. ఆయన యాత్రాగ్రంథమున మజిలీలు, వాని నడుమ దూరములు, సత్రములు, దాటవలసిన ఏరులు వివరముగా కలవు. ఆ కాలపు బాటసారికి రోడ్డు భద్రత యనగా ముఖ్యముగా మూడు సంగతులు: ఏరు దాటుటకు అదను, రాత్రి తలదాచుకొనుటకు సత్రము, త్రాగుటకు నీరు. బాట నునుపుతనము అటుతరువాతి మాట.

మద్రాసు రాజధానిలో ప్రజాపనుల స్థితిని విచారించుటకు ఏర్పడిన సంఘము 1852లో తన నివేదికను సమర్పించినది. మంచి బాటలు లేకపోవుట వలన రైతు తన పంటను సంతకు చేర్చలేకపోవుచున్నాడను విషయము ఆ కాలపు చర్చలలో ప్రముఖముగా ఉండెను. గోదావరి ఆనకట్టను నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్ చౌకయైన రవాణాను గూర్చి పట్టుదలతో వాదించినవాడు. ఒక్కచోట గొప్ప పని చేయుటకంటె, తక్కువ ఖర్చుతో విస్తారమైన ప్రాంతమునకు ఉపయోగపడు పనులు చేయుట దేశమునకు మేలని ఆయన అభిప్రాయము.

ఆ చౌకదనమునకు మంచి నిదర్శనము చప్టా. ఏటి అడుగుమట్టమునకు కొంచెము ఎత్తుగా రాతితో అడ్డముగా కట్టిన గట్టు ఇది. మామూలు దినములలో నీరు క్రింది తూములగుండ పోవును. వరద వచ్చినపుడు గట్టు మీదుగా పొరలిపోవును. వంతెనకు కావలసిన ఎత్తయిన స్తంభములు, కమానులు దీనికి అక్కరలేదు. దిగువ వైపున రాతిపరుపు గట్టిగా ఉన్నచో వరదలో మునిగినను చప్టా నిలుచును. బండ్లు రెండు మూడు దినములు ఆగవలసివచ్చును; అంతే. ఎద్దుబండ్ల కాలమున అది తగిన తూకమే యని చెప్పవలెను. బండివాడు ఏటి ఒడ్డున ఆగి, వంటచేసుకొని, నీరు తీసిన తరువాత సాగెడివాడు.

కాని చప్టాలో ఒక మోసము కలదు. దానిమీద పారు నీరు మోకాలిలోతే కనిపించినను వడి మిక్కుటముగా ఉండును. నీటి ఒత్తిడి వేగముయొక్క వర్గమును అనుసరించి పెరుగును. వేగము రెట్టింపయినచో ఒత్తిడి నాలుగు రెట్లగును. ఎద్దుబండి కాలమున ఆగిపోయిన మనిషి మోటారు కాలమున ఆగుటకు ఇష్టపడడు. వరదలో చప్టా దాటబోయి వాహనములు కొట్టుకొనిపోవుట నేటికిని వినుచున్నాము. ఒక కాలమున తగినదైన తూకము మరొక కాలమున తగనిదగుటకు ఇది చక్కని ఉదాహరణము.

రహదారికి పోటీగా, ఒక విధముగా తోడుగా, రెండు మార్గములు వచ్చినవి. 1806లో మద్రాసు వద్ద ప్రారంభమైన కాలువ క్రమముగా ఉత్తరమునకు పెరిగి, 1876–78 నాటి ఘోరమైన కరువు కాలమున కూలిజనమునకు పని కల్పించుచు కృష్ణా కాలువలతో కలుపబడినది. నాటి గవర్నరు పేరిట 1878లో అది బకింగుహాము కాలువ అయినది. ఉప్పు, ధాన్యము, కట్టెలు వంటి బరువు సరకులు పడవలలో పోవుచుండుటచే రోడ్డుపై భారము తగ్గెను. 1899లో మద్రాసు, బెజవాడలను కలుపుచు తీరపు రైలుమార్గము పూర్తియయ్యెను. దూరప్రయాణికులు రైలెక్కిరి. పెద్దబాటకు చాలకాలము వరకు చిన్న మరమ్మతులే చాలునన్న భావము ఏర్పడుటకు ఈ రెండును కారణములు.

కంకర నుండి తారునకు

19వ శతాబ్దపు తొలిభాగమున స్కాట్లండు దేశీయుడగు మెకాడము ఒక చౌక పద్ధతిని ప్రచారము చేసెను. రోడ్డు అడుగున పెద్ద బండలు పరచనక్కరలేదనియు, మట్టిని పొడిగా ఉంచి, దానిపై చిన్న కంకరను పొరలుగా దట్టించినచో చాలుననియు ఆయన చెప్పెను. ఆయన సమకాలికుడగు టెల్ఫర్డు అడుగున పెద్దరాళ్ల పునాది ఉండవలెనని భావించెను. టెల్ఫర్డు రోడ్డు గట్టిది గాని ఖర్చు హెచ్చు. మెకాడము పద్ధతియే లోకమంతటను వ్యాపించినది. దానిలోని ముఖ్యసూత్రము నేటికిని నిలిచియున్నది: రోడ్డును మోయునది క్రింది మట్టి, ఆ మట్టిలోనికి నీరు దిగకుండ చూచుటయే రోడ్డును కాపాడుట. నల్లరేగడి నేలలకు ఈ సూత్రము మరింత వర్తించును. తడిసినపుడు ఉబ్బి, ఎండినపుడు పగులు ఆ మట్టి తన మీది రోడ్డును ఏటేట కదిలించును.

కంకర రోడ్డు ఎద్దుబండి ఇనుపపట్టా క్రింద పిండియై కలిసిపోయెడిది. మోటారు రబ్బరు చక్రము అట్లుకాదు. వేగముగా పోవుచు కంకర నడుమ దుమ్మును పీల్చివేయును. దుమ్ము పోయిన రోడ్డు చెదరిపోవును. అందుచే తారుపొర అవసరమయ్యెను. తారు వేయుటకు ధనము కావలెను. 1927లో ఎం. ఆర్. జయకర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము రోడ్ల అభివృద్ధి దేశమంతటికి సంబంధించిన విషయమని చెప్పి, పెట్రోలుపై పన్ను విధించి ఆ మొత్తమును రోడ్లకే వినియోగింపవలెనని సూచించెను. 1929లో కేంద్ర రోడ్డు నిధి ఏర్పడినది. 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు, 1952లో కేంద్ర రోడ్డు పరిశోధనాలయము నెలకొనినవి. 1943లో నాగపురమున సమావేశమైన ఇంజనీర్లు రోడ్లను జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రోడ్లుగా విభజించిరి. 1956లో జాతీయ రహదారుల చట్టము వచ్చినది. దీనితో నెల్లూరు మీదుగా పోవు బాట జాతీయ రహదారిగా స్థిరపడినది.

బరువు పెరిగిన కొలది

రోడ్డు ఎంతకాలము మన్నును? ఈ ప్రశ్నకు పెద్ద ఎత్తున ప్రయోగము చేసి జవాబు కనుగొనినది అమెరికాలోని ఇల్లినాయిసు రాష్ట్రమున, ఒటావా పట్టణ సమీపమున. 1958 నుండి 1960 వరకు అచ్చట ప్రత్యేకముగా వేసిన రోడ్లపై లారీలను రేయింబవళ్లు నడిపి, ఏ బరువునకు రోడ్డు ఎంత చెడునో కొలిచిరి. తేలిన ఫలితము ఆశ్చర్యకరమైనది. రోడ్డునకు కలుగు హాని ఇరుసుబరువుతో సమానముగా పెరుగదు. సుమారుగా దాని నాల్గవ ఘాతమును అనుసరించి పెరుగును. 8 టన్నుల ఇరుసునకు బదులు 12 టన్నుల ఇరుసు నడచినచో బరువు ఒకటిన్నర రెట్లే, కాని హాని 1.5 యొక్క నాల్గవ ఘాతము, అనగా సుమారు 5 రెట్లు. 2018లో మనదేశమున నాలుగు చక్రముల ఇరుసునకు అనుమతించిన బరువు 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకు పెంచబడినది. ఆ సూత్రము ప్రకారము నిండు బరువుతో పోవు ఇరుసు వలన హాని సుమారు 60 శాతము పెరుగును. సరకు రవాణా ఖర్చు తగ్గినది. రోడ్డు మరమ్మతు ఖర్చు పెరిగినది. ఒక పద్దులో ఆదా మరొక పద్దులో వ్యయమగుట ఇట్లే. 2008లో కృష్ణపట్టణము రేవు పెద్ద ఓడలకు తెరవబడిన పిమ్మట నెల్లూరు ప్రాంతపు రోడ్లపై బరువు లారీల రాకపోకలు హెచ్చినవి కావున ఈ లెక్క ఇచ్చటివారికి దూరపు సంగతి కాదు.

పాతరోడ్డుపై కొత్త తారుపొర వేయుట మరమ్మతులలో సర్వసాధారణమైనది. ఇది రోడ్డును రక్షించును. కాని దీని వెనుక మూడు చిక్కులు కలవు. మొదటిది: నునుపైన రోడ్డుపై వేగము పెరుగును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు మోటారు, డ్రైవరు అడ్డమును గమనించి బ్రేకు వేసి ఆగులోపల సుమారు 128 మీటర్లు సాగును. 100 కిలోమీటర్ల వేగమున సుమారు 182 మీటర్లు సాగును. వేగము నాల్గవవంతు పెరుగగా ఆగుదూరము రమారమి నలుబది శాతము పెరిగినది. వంపుల సంగతియు అంతే. 80 కిలోమీటర్ల వేగమునకు సుమారు 230 మీటర్ల వ్యాసార్ధము గల వంపు చాలును. 100 కిలోమీటర్లకు సుమారు 360 మీటర్లు కావలెను. వంపును మార్చక పైపొరను మాత్రము నునుపుచేసినచో, వంపు పాత వేగమునకు తగినదిగను, ప్రయాణము కొత్త వేగమునదిగను ఉండును.

రెండవ చిక్కు రోడ్డు అంచునకు సంబంధించినది. పొరపై పొర వేయుటచే తారురోడ్డు ఎత్తు పెరుగును. ప్రక్కనున్న మట్టి అంచు పాత ఎత్తుననే ఉండిపోవును. నాలుగైదు అంగుళముల మెట్టు ఏర్పడును. లారీకి దారి ఇచ్చుటకు ప్రక్కకు తొలగిన సైకిలు, మోటారుసైకిలు ఆ మెట్టు దిగి తిరిగి ఎక్కబోయి పడిపోవును. అంచున గ్రావెలు నింపి చదునుచేయుటకగు ఖర్చు తారు ఖర్చులో స్వల్పభాగము. మూడవ చిక్కు వంతెనలపై కలుగును. పొరలు పెరిగినకొలది ప్రక్కగోడ ఎత్తు తగ్గిపోవును. ఒకప్పుడు నడుమువరకు వచ్చిన గోడ మోకాలివరకే మిగులును. వంతెనపై బరువును పెరుగును.

ఇతర దేశముల అనుభవము

ఈ వివాదము అమెరికాలో బహిరంగముగా జరిగినది. 1976లో అచ్చటి కాంగ్రెసు, కేంద్రప్రభుత్వపు రోడ్డు నిధులను పాతరోడ్ల పునరుద్ధరణకు కూడ వాడుకొనుటకు అనుమతించినది. రాష్ట్రముల రహదారి శాఖలవారు, మరమ్మతు చేసిన ప్రతి రోడ్డును కొత్తరోడ్డు ప్రమాణములకు తేవలెనన్నచో కొద్దిమైళ్లే బాగుపడుననిరి. భద్రతను కోరువారు, వంపులు, ఇరుకు వంతెనలు అట్లే ఉంచి పైపొర వేసినచో ఆ ప్రమాదములను మరి ఇరువది ఏండ్లు నిలిపినట్లేయనిరి. 1982లో చట్టసభ ఈ విషయమును పరిశోధింపవలెనని కోరగా, రవాణా పరిశోధక మండలి 1987లో నివేదిక ఇచ్చినది. అందరికిని ఒకే కొలత విధించుటకంటె, ప్రతి మరమ్మతుపనికి ముందు ఆ రోడ్డులో ప్రమాదములు ఎచ్చట, ఏల జరుగుచున్నవో పరిశీలించి, తక్కువ ఖర్చుతో ఎక్కువ ప్రాణములు కాపాడు పనులను మరమ్మతులోనే కలుపుకొనవలెనన్నది దాని సారాంశము. వంపు ముందు హెచ్చరిక, అంచుల చదును, వంతెన గోడల రక్షణ, ప్రక్కనున్న గట్టి అడ్డముల తొలగింపు ఇట్టి పనులు.

స్వీడను దేశము మరొక దారి త్రొక్కినది. 1997లో ఆ దేశపు పార్లమెంటు, రోడ్లపై మరణములు అసలు ఉండరాదను లక్ష్యమును స్వీకరించినది. అంత మాత్రమున ప్రతి రోడ్డును నాలుగు వరుసలు చేయుటకు వారికిని ధనము లేదు. 13 మీటర్ల వెడల్పు గల పాతరోడ్లను వెడల్పు చేయకయే మూడు వరుసలుగా విభజించి, నడుమ ఉక్కుతాటి కంచె నిలిపిరి. ఒకవైపు రెండు వరుసలు, ఎదుటివైపు ఒకటి. కొంతదూరము పోయిన తరువాత అవి తారుమారగును. 1998లో గేవ్లె పట్టణమునకు ఉత్తరమున మొదటి ప్రయోగము జరిగినది. ఇట్టి రోడ్లలో మరణములు సుమారు 80 శాతము తగ్గినట్లు అచ్చటి పరిశోధకులు తేల్చిరి. భద్రతకు ఎల్లప్పుడును పెద్దఖర్చే కావలెనను నమ్మకము ఇట్లు సడలినది.

నాలుగు వరుసలు

1999 జనవరిలో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి స్వర్ణ చతుర్భుజి పథకమునకు శంకుస్థాపన చేసెను. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతాలను కలుపు 5,846 కిలోమీటర్ల రోడ్డును నాలుగు వరుసలు చేయుట దాని ఉద్దేశము. నెల్లూరు తీరపు రోడ్డు చెన్నై–కోల్‌కతా భాగములోనిది. తడ నుండి నెల్లూరు వరకు గల సుమారు 110 కిలోమీటర్లు ఒక పద్ధతిపై నిర్మింపబడినవి: నిర్మించినవారే కొన్నేండ్లు టోలు వసూలుచేసుకొని, పిదప రోడ్డును ప్రభుత్వమునకు అప్పగింతురు. నెల్లూరు పట్టణమును చుట్టివచ్చు బైపాసు వేరొక పద్ధతిపై వచ్చినది: ప్రభుత్వము నిర్మాతకు నిర్ణీతమైన మొత్తమును వాయిదాలుగా చెల్లించును. మొదటి పద్ధతిలో ఖర్చును రోడ్డుపై పోవువారు భరింతురు. రెండవదానిలో ప్రజలందరును భరింతురు.

నడుమ గట్టు వచ్చుటచే ఎదురెదురు ఢీకొనుటలు తగ్గును. లారీలు, బస్సులు త్వరగా పోవును. కాని రోడ్డు ఒక వైపున ఇల్లు, మరొక వైపున పొలమో బడియో గలవానికి నాలుగు వరుసలు దాటుట రెండు వరుసలు దాటుటకంటె కష్టము. దాటు సందు దూరముగా ఉన్నచో మోటారుసైకిలువాడు ఎదురుదారిలోనే పోవుటకు తెగించును. దీనికి మందు అండర్‌పాసు, సర్వీసురోడ్డు. ఖర్చు తగ్గింపదలచినపుడు తరచు వెనుకకు పోవునవి ఇవియే. కారున పోవువానికి లభించిన భద్రత కాలినడక మనిషికి లభింపకపోవుట ఇట్లు జరుగును. 2022లో మనదేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరి. అందు 32,825 మంది పాదచారులు. దేశపు రోడ్ల పొడవులో జాతీయ రహదారులు సుమారు రెండు శాతమే. ఆ సంవత్సరపు మరణములలో 36 శాతము, అనగా 61,038, వానిపైననే జరిగినవి.

2021 వరద చెప్పిన పాఠము

2015 నవంబరు వర్షములలో గూడూరు, మనుబోలు ప్రాంతములలో వరద నీరు జాతీయ రహదారి మీదకు వచ్చి రాకపోకలు నిలిచినవి. ఆరేండ్లకు, 2021 నవంబరులో, అంతకంటె పెద్ద విపత్తు వచ్చినది. 19వ తేదీన కడప జిల్లాలో చెయ్యేరుపై నున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినది. చెయ్యేరు పెన్నలో కలియును. పెన్న సోమశిల జలాశయము మీదుగా నెల్లూరు చేరును. తరువాతి రెండుదినములలో నెల్లూరునకు ఉత్తరమున కోవూరు సమీపమందలి పడుగుపాడు వద్ద రహదారి కోసుకొనిపోయినది. అచ్చటనే రైలుపట్టాల క్రింది మట్టియు కొట్టుకొనిపోయినది. చెన్నై, విజయవాడల నడుమ రోడ్డు, రైలు రెండును ఒకేసారి తెగినవి. లారీలు మైళ్లకొలది బారులు తీరి నిలిచిపోయినవి.

ఇచ్చట ఆలోచింపదగిన విషయమొకటి కలదు. పడమటి నుండి వచ్చు వరదకు రోడ్డుకట్ట, రైలుకట్ట రెండును అడ్డుగోడలు. అండర్‌పాసు కొరకు గాని, మునుగకుండుటకు గాని రోడ్డును ఎత్తుచేసినచో వాహనములకు మేలే. కాని తూములు ఆ నిష్పత్తిలో పెంచనిచో కట్టకు పడమట నీరు నిలిచి ఊళ్లను, పొలములను ముంచును. కట్ట తక్కువ ఎత్తున ఉన్నచో నీరు పొరలిపోవును. ఊళ్లు బ్రతుకును, రోడ్డు మునుగును. సూళ్లూరుపేట నుండి పులికాటు సరస్సు మీదుగా శ్రీహరికోటకు పోవు కట్టరోడ్డు విషయమునను ఇట్టి చర్చయే కలదు. 1971లో తొలి రాకెట్టు ఎగిరిన ఆ కేంద్రమునకు రోడ్డు అత్యవసరము. సరస్సులో నీటి రాకపోకలు సాగుటయు చేపలకు, జాలరులకు అత్యవసరము. కావున ‘రోడ్డు భద్రత’ యన్న మాటలో రోడ్డుపై పోవువారే కాక రోడ్డుప్రక్కన బ్రతుకువారును చేరవలెను. 2022 సెప్టెంబరులో సంగము, నెల్లూరుల వద్ద పెన్నపై కొత్త బ్యారేజీలు ప్రారంభమైనవి. సాగునీటికి కట్టిన వానిపైననే రోడ్డు వంతెనను కూడ నిర్మించుట ఒకే ఖర్చుతో రెండు ప్రయోజనములు సాధించు పద్ధతి.

లెక్క వేయు విధము

వరదల విషయమున ఇంజనీర్లు ‘నూరేండ్ల వరద’ యందురు. నూరేండ్లకొకసారి తప్పక వచ్చునని దీని అర్థము కాదు. ఏ సంవత్సరమునందైనను అది వచ్చుటకు అవకాశము నూటికి ఒకటి యని అర్థము. రాకుండుటకు అవకాశము 0.99. వరుసగా ముప్పది ఏండ్లు రాకుండుటకు 0.99ను ముప్పదిసార్లు గుణింపవలెను. ఫలితము సుమారు 0.74. అనగా ముప్పది ఏండ్లలో ఒకసారియైనను వచ్చుటకు నూటికి 26 పాళ్లు అవకాశము కలదు. ఏబది ఏండ్ల వరదకైనచో నూటికి 45 పాళ్లు. ‘నూరేండ్లకు కట్టితిమి’ అన్నమాట విని నిశ్చింతగా ఉండరాదని దీనివలన తెలియును.

ఊహకొక ఉదాహరణము తీసికొందము. ఒక కల్వర్టు ఏటా నూటికి 4 పాళ్లు తెగు అవకాశము గలది. తెగినచో మరమ్మతునకు, నిలిచిన సరకులకు, చుట్టుదారి నూనెకు కలిపి 40 కోట్ల రూపాయల నష్టము. సగటున ఏటి నష్టము 1 కోటి 60 లక్షలు. 6 కోట్లతో కల్వర్టును పెద్దది చేసినచో ఆ అవకాశము నూటికి 1 పాలు అగును. ఏటి నష్టము 40 లక్షలు. ఏటా 1 కోటి 20 లక్షలు మిగులును కావున, వడ్డీ మాట విడిచినచో, అయిదేండ్లలో ఖర్చు తిరిగివచ్చును. చౌక కల్వర్టు నిజమునకు చౌక కాదని తేలును.

మరి మనిషి ప్రాణమును ఈ లెక్కలో ఎట్లు చేర్చవలెను? ప్రాణమునకు వెలకట్టుట పాపమని తోచును. అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు టామస్ షెల్లింగ్ 1968లో ఈ చిక్కును విడదీసెను. ఫలానా మనిషి ప్రాణపు వెల యెంత యన్నది ఇచ్చటి ప్రశ్న కాదు. అందరికిని ఉన్న కొద్దిపాటి అపాయమును మరికొంత తగ్గించుటకు సమాజము ఎంత ఖర్చు చేయుటకు సిద్ధమన్నదే ప్రశ్న యని ఆయన చూపెను. లెక్కలో ప్రాణమునకు ఏ వెలయు వేయకుండుట గౌరవమువలె కనిపించును గాని, కాగితముపై దాని ఫలము ప్రాణమునకు సున్న వేసినట్లే యగును. అట్లు సున్న వేయబడునది తరచుగా రోడ్డు దాటు పిల్లలకు, ముసలివారికి, కూలిజనమునకు.

మనదేశమున ప్రమాదస్థలములను గుర్తించుటకు ఒక కొలత కలదు. సుమారు 500 మీటర్ల పొడవున మూడేండ్లలో మరణముగాని తీవ్రగాయముగాని కలిగించిన ప్రమాదములు 5 జరిగినను, లేక 10 మరణములు సంభవించినను దానిని ‘బ్లాక్‌స్పాట్’ అందురు. మొదట అట్టి స్థలములను బాగుచేయుట వలన తక్కువ ధనముతో ఎక్కువ ఫలము కలుగును. కాని ప్రాణములు పోయిన తరువాతనే స్థలము గుర్తింపబడుట దీనిలోని లోపము. అంచుమెట్టు, ఇరుకు వంతెన, చూపు ఆనని వంపు మున్ముందే కంటికి కనిపించును. వానిని గుర్తించుటకు మరణముల లెక్క అక్కరలేదు.

హైస్కూలు విద్యార్థులు ఉపాధ్యాయుల తోడుతో ఈ పరిశీలన చేయవచ్చును. తమ ఊరి రోడ్డుపై నున్న తూములను లెక్కించి, వానిలో పూడినవెన్నియో వ్రాయవచ్చును. గత వరదలో నీరు ఎంతవరకు వచ్చినదో పెద్దల నడిగి గోడలపై గుర్తింపవచ్చును. రాకపోకలు లేనివేళ తారు అంచునకు, మట్టికి నడుమగల మెట్టును స్కేలుతో కొలువవచ్చును. రోడ్డునకు దూరముగా సురక్షితమైన చోట నిలిచి, 50 మీటర్ల దూరమును వాహనము ఎన్ని సెకనులలో దాటుచున్నదో చూచి వేగము కట్టవచ్చును. ఈ నాలుగు అంకెలు గల కాగితము పంచాయతీ సమావేశమునకు వెళ్లినచో, మరమ్మతునకు వచ్చిన ధనములో తారునకు ఎంత, తూమునకు ఎంత, అంచునకు ఎంత యన్న ప్రశ్నను ఆ ఊరివారే అడుగగలుగుదురు.